మూడొందల రేణువుల్లో పదకొండు

ముందే ఒక మాట ఒప్పేసుకుంటా. ఈ కథని ఇద్దరి వైపు నుంచీ న్యాయంగా చెబుదామని మూడుసార్లు కూర్చున్నా. మూడుసార్లూ బాబాయిని వెనకేసుకొస్తూ రాసిన ముక్కలు నాకే నచ్చక కొట్టేశా. కాబట్టి నేను భూతద్దం వైపు. పక్షపాతమే. తెలిసి చదవండి.

భూతద్దం అంటే ఒక అమ్మాయి. ఆహార పదార్థాలు పరీక్ష చేసే లేబులో తేనె బల్ల ఆమెది. ఆ పేరు పెట్టింది బాబాయే. వాళ్ళ నాన్నకి తమ్ముడు, తేనెటీగలు పెంచుతాడు. ఆమె ఏడేళ్ళప్పుడు చచ్చిన తేనెటీగ కాళ్ళని భూతద్దంలో చూస్తూ కూర్చుని అన్నం తినడం మర్చిపోయిందట. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరికీ అసలు పేరుతో పని పడలేదు.

బాబాయి ఆమె కళ్ళు మూయించి, నాలిక మీద తేనె రాసి, "ఏ పువ్వో చెప్పు" అనేవాడు. తప్పు చెబితే మొట్టికాయ. కరెక్టుగా చెబితే ఇంకో వేలెడు తేనె. "పువ్వు మారితే రంగొక్కటే కాదే మారేది, గుణం కూడా మారుతుంది" అని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు. తర్వాత కాలేజీలో ప్రొఫెసరుగారు అదే మాటని స్లైడ్లేసి చెప్పారు. ముదురు రంగు తేనెల్లో మామూలుగా యాంటీఆక్సిడెంట్లు ఎక్కువుంటాయనీ, కొన్ని పువ్వుల తేనె బాక్టీరియాని గట్టిగా ఆపితే కొన్నిటిది అంతంతమాత్రమేననీ. వెనక బెంచీలో భూతద్దం నవ్వుకుంది. మా బాబాయి మొట్టికాయలతో ఫ్రీగా చెప్పినదాన్నే మీరు ఫీజు తీసుకుని చెబుతున్నారు సార్, అని.

ఈమధ్య పెద్దాసుపత్రి డ్రెస్సింగ్ వార్డులో ఒక చిన్న అధ్యయనం మొదలుపెట్టారు. నెలల తరబడి మానని పుండ్ల మీద తేనె పట్టీలు పనిచేస్తాయా లేదా చూద్దామని. వంటింట్లో తేనె తెచ్చి పూసెయ్యడం కాదు లెండి, రేడియేషన్‌తో శుద్ధి చేశాకే వాడతారు. ముప్పై మంది రోగులు. "ఏ తేనె అయితే మంచిదంటావమ్మా?" అని అక్కడి సిస్టరు లేబుకి ఫోన్ చేసి అడిగింది. భూతద్దం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "చేదుపొద తేనె. మా బాబాయి దగ్గర దొరుకుతుంది."

చేదుపొద కొండ మీదే పెరుగుతుంది. ఏడాదికి పద్దెనిమిది రోజులు పూస్తుంది. ఆ పద్దెనిమిది రోజులకోసం పెట్టెలన్నీ పైకి మోసుకెళ్ళాలి. తేనె నల్లగా ఉంటుంది, గొంతు దిగేటప్పుడు కాస్త చేదు తగులుతుంది. ఆస్పత్రి వాళ్ళు తేనె రైతుల మీటింగుకొచ్చి అడగ్గానే బాబాయి అందరి ముందూ లేచి నిలబడి, "రెండు డ్రమ్ములిస్తా" అన్నాడు.

లేబులో ఒక పద్ధతుంది. లేబు మనిషే వెళ్ళి, డ్రమ్ములో అడుగు దాకా గొట్టం దించి నమూనా తీసి, సీలు వేసి తేవాలి. సొంత బాబాయి ఇంటికి సీలు పట్టుకుని వెళ్ళడమేంటి, ఏమన్నా బాగుంటుందా అనిపించింది భూతద్దానికి. బాబాయి బస్సులో ఒక సీసా పంపాడు. కాగితం మీద 'నమూనా తీసినవారు' అన్న గడిలో ఆమె తన పేరు రాసేసింది.

రిజల్టు అదిరింది. మైక్రోస్కోపు కింద మూడొందల పుప్పొడి రేణువులు లెక్కపెడితే రెండొందల పైచిలుకు చేదుపొదవే, నున్నగా, మూడు మూలలతో. బాక్టీరియా పెంచిన ప్లేటులో చిన్న గుంట చేసి తేనె వేస్తే చుట్టూ పంతొమ్మిది మిల్లీమీటర్ల మేర బాక్టీరియా చచ్చి అద్దంలా ఖాళీ అయింది.

ఒక్క అంకె మాత్రం ఇబ్బంది పెట్టింది. హెచ్ఎమ్ఎఫ్ అని, తేనె పాతబడేకొద్దీ, వేడి తగిలేకొద్దీ పెరిగే పదార్థం. ఈ ఏడాది తీసిన తేనెలో కిలోకి పది మిల్లీగ్రాములు కూడా దాటకూడదు. ముప్పై నాలుగొచ్చింది. బస్సు ఎండలో ఆగి ఉంటుందిలే అనుకుంది. ఒక్క పూట ఎండకి అంత పెరగదని ఆమెకి తెలుసు. అదే వేరేవాళ్ళ సీసా అయితే ఫోన్ చేసి నిలదీసేది.

మూడు వారాల తర్వాత డ్రమ్ములు ఆస్పత్రికి చేరాయి. శుద్ధికి పంపేముందు ఎందుకైనా మంచిదని సిస్టరు ఒక డ్రమ్ములోంచి కాస్త తీసి లేబుకి పంపింది.

భూతద్దం స్లైడు పెట్టి చూసింది. స్లైడు నిండా ముళ్ళబంతుల్లాంటి పసుపు రేణువులు. పొద్దుతిరుగుడు. మళ్ళీ కడిగి, మళ్ళీ చేసింది. మూడొందల్లో చేదుపొదవి పదకొండు. ప్లేటులో ఖాళీ ఎనిమిది మిల్లీమీటర్లు. లేబెల్ మారిందేమో, డ్రైవరు డ్రమ్ములు మార్చేశాడేమో అని దారి పొడవునా ఎవరో ఒకర్ని దొంగని చేస్తూ, ఆదివారం పొద్దున్నే బాబాయి ఇంటికి బయల్దేరింది.

పిన్ని గుమ్మంలోనే కనిపించింది. "చెప్పకుండా ఊడిపడ్డావేంటే? అందరూ బానే ఉన్నారా?"

"బానే ఉన్నారు. బాబాయెక్కడ పిన్నీ?"

"షెడ్డులో. నా మాటకన్నా ఆ ఈగల రొదే బాగుంటుంది ఆయనకి."

షెడ్డంతా మైనం వాసన. గోడవారన పది బకెట్లున్నాయి. ఒకదాంట్లో గరిటె నిటారుగా నిలబడుంది. తేనె నెయ్యిలా పేరుకుపోయింది. చేదుపొద తేనె ఏడాదైనా పేరుకోదు. పొద్దుతిరుగుడు తేనెకి మూడు వారాలు చాలు. ఇంక అడగాల్సిన పని లేదు. అయినా అడిగింది. ఫోన్ తీసి స్లైడు ఫోటో చూపించింది.

"ఇదేంటి బాబాయ్?"

"అబ్బ, ఎంత బాగా వచ్చిందే! పొద్దుతిరుగుడు. ఎక్కడిది?"

"నువ్వు పంపిన డ్రమ్ములోది."

బాబాయి ఈగలకి పట్టే పొగడబ్బా కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చెయ్యే మళ్ళీ తుడిచాడు. "ఈగలకి గేటు వేస్తామా ఏంటి? దారిలో ఏ పొలం మీదో వాలుంటాయి."

"మూడొందలకి పదకొండు బాబాయ్. వాలడం కాదు ఇది, అక్కడే మకాం పెట్టాయి."

"సరేలే. ఈ ఏడు కొండెక్కలేదు. మోకాళ్ళు సహకరించట్లేదే."

"మరి ముందు నాకు పంపిన సీసా?"

జవాబు షెడ్డు గుమ్మంలోంచి వచ్చింది. "నాలుగేళ్ళ నాటిది" అంది పిన్ని. "గొంతు నొప్పికని నా అలమారాలో దాచుకున్నా. అడక్కుండా ఎత్తుకుపోయాడు."

ముప్పై నాలుగు. ఎండా కాదు, బస్సూ కాదు.

"ఎక్కలేకపోయానని చెబితే అయిపోయేదిగా. వాళ్ళు వచ్చే ఏడు దాకా ఆగేవాళ్ళు."

"అంతమంది ముందు ఇస్తానని, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులని చెప్పనా? ఐనా తేనె తేనే కదే. చుక్క పంచదార పాకం కలిపానా?"

"కలపలేదు. మంచి తేనే, రొట్టె మీద రాసుకోడానికి. వాళ్ళడిగింది పుండు మీద వెయ్యడానికి. పువ్వు మారితే గుణం మారుతుందని నాకు చెప్పిందెవరు?"

"చిన్నపిల్లవని సరదాకి ఏదో చెప్పా. దాన్ని పట్టుకుని ఇంత చదువు చదువుతావని కలగన్నానా?"

భూతద్దానికి చిన్నప్పటి మొట్టికాయలన్నీ గుర్తొచ్చాయి. అప్పుడు నొప్పెట్టనివి కూడా ఇప్పుడు నొప్పెట్టాయి.

బాబాయి గొంతు తగ్గించాడు, బుజ్జగించే గొంతు. "వేరే లేబైతే అసలు ఒప్పుకునేవాణ్ణే కాదు. నువ్వున్నావనే కదా నా ధైర్యం. మన పిల్ల, మరీ అంత లోతుగా చూడదులే అనుకున్నా."

"దానికి చెప్పి చెయ్యవయ్యా అని మొత్తుకున్నా" అంది పిన్ని. "'చెబితే ఒప్పుకోదు, చెప్పకపోతే చూడదు' అన్నాడు."

"నువ్వు కాసేపు లోపలికి పో" అని పిన్నిని కసిరి, బాబాయి మళ్ళీ ఇటు తిరిగాడు. "ఇప్పుడు మాత్రం ఏం మునిగిపోయింది? స్లైడు నీ దగ్గరే ఉందిగా. కడిగెయ్."

భూతద్దం షెడ్డులోంచి బయటికొచ్చేసింది. "అన్నం తిని పోవే" అని పిన్ని వెనకాల అరుస్తున్నా ఆగకుండా బస్టాపు దాకా నడిచింది. అక్కడ కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు. ఆయన అబద్ధం ఆడినందుకు కాదు. ఆమె చూడదని అంత కచ్చితంగా లెక్కేసినందుకు. లెక్క కూడా తప్పలేదు, మొదటిసారి నిజంగానే చూడలేదు.

సోమవారం లేబు తెరవగానే మొదటి రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం రాసి లేబు ఇంచార్జి మేడమ్ బల్ల మీద పెట్టింది. మేడమ్ రెండుసార్లు చదివింది.

"నమూనా తీసినవారి గడిలో నీ పేరుంది. వెళ్ళి తీశావా?"

"లేదు మేడమ్."

"మరెందుకు రాశావు?"

"బాబాయి కదా అని."

"ఆ గడి పెట్టిందే అందుకు" అంది మేడమ్. అరవలేదు. అరిచినా బాగుండేది. మధ్యాహ్నానికల్లా భూతద్దాన్ని నూనెల బల్లకి మార్చేశారు. డ్రమ్ములు వెనక్కి వెళ్ళిపోయాయి. సాయంత్రం సిస్టరు ఫోన్ చేసింది. "కాలి పుండుతో ఒక తాత రోజూ అడుగుతున్నాడమ్మా, తేనె ఎప్పుడొస్తుందని. ఏం చెప్పమంటావు?"

చుట్టాల్లో కబురు వేరేలా పాకింది: చేతుల మీద పెంచిన బాబాయి మీదే రిపోర్టు రాసిందట. అత్త ఒకావిడ ఫోన్ చేసి, "అంత పెద్ద చదువు చదివి నువ్వు చేసిందిదా?" అంది.

నెల తర్వాత బాబాయే ఫోన్ చేశాడు, ఏమీ జరగనట్టు. "ఈసారి ఎలాగైనా కొండెక్కుతానే. కావాలంటే డోలీ కట్టించుకుని పోతా. సీసా పంపిస్తా, నువ్వే చూడాలి."

"నేనిప్పుడు తేనె చూడట్లేదు బాబాయ్."

"మరెవరు చూస్తారు?"

"ఎవరో ఒకరు. నీకు తెలియనివాళ్ళు. వాళ్ళే వచ్చి తీసుకుంటారు."

వెనకాల ఈగల రొద వినిపిస్తుండగానే బాబాయి ఫోన్ పెట్టేశాడు.

భూతద్దం చేసింది తప్పని మీకనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పండి. మీకు పని నేర్పినవాళ్ళే ఎప్పుడైనా ఆ పని అడ్డుపెట్టుకుని మిమ్మల్ని బోల్తా కొట్టించారా? అప్పుడు మీరేం చేశారు, తర్వాత వాళ్ళతో మాట కలిసిందా? కింద రాయండి. నేనొక్కదాన్నే కాదు, ఆమె కూడా చదువుతుంది.