చివరి సందు వాల్వు

"పొద్దుగాల వాల్వు బంద్ జేసేది నువ్వే, మల్ల బిందె మోసేది నువ్వే. గిదేం నౌకరి?"

భార్య రాధమ్మ ఈ మాట అనడం ఆ వారంలో నాలుగోసారి. సిద్దయ్య బిందెను నల్లా కిందికి జరిపాడు. యాభై దాటిన మనిషి. వాల్వులు తిప్పీ తిప్పీ కుడి అరచేయి కాయలు కాసి నల్లబడింది. మచ్చ బొల్లారంలోని ఆ కాలనీకి పదకొండేళ్లుగా కాపలా అతనే, నీళ్లు వదిలేదీ అతనే. గేటు పక్కన కాలనీ సంఘం ఇచ్చిన ఒంటిగదే వాళ్ల ఇల్లు.

చివరి సందులో ఉన్న ఒకే ఒక్క ఇల్లు దుర్గాబాయి సొంతం; అక్కడ ఒంటరిగా ఉంటూ కారం అమ్ముకుని బతుకుతుంది. రోడ్డు మీద మిరపకాయలు ఎండబోస్తోందని సంఘం అధ్యక్షుడు మధుసూదన్ రోజుకు యాభై చొప్పున జరిమానా రాయించాడు. అది పదిహేను వందలైంది. కట్టలేదని నీళ్లు ఆపమన్నాడు. సిద్దయ్య ఆపాడు.

సర్కారు దగ్గర రిజిస్టరైన సంఘం నిబంధనల పుస్తకం సిద్దయ్య గదిలోనే, కిటికీ అరలో ఉంటుంది. జరిమానా మొత్తం నెల చందా అయిన వంద రూపాయలకు మించకూడదనీ, అందుకోసం నీళ్లు ఆపకూడదనీ అందులో ఉంది. వాల్వు మూయడానికి వెళ్లే ముందు అతను ఆ పేజీ కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాడు. చదివి, పుస్తకాన్ని పాత క్యాలెండర్ కింద పెట్టాడు. నోరు తెరిస్తే గది పోతుంది. కూతురు అశ్రితది పదో తరగతి.

రోజూలాగే నీళ్ల బిందెతో వెళ్లేసరికి దుర్గాబాయి గుమ్మం ముందు ట్రాలీ ఆటో ఉంది. మంచమూ రోలూ ఎక్కించేశారు. అత్వెల్లిలో చెల్లెలి దగ్గరికి పోతోందట.

"నీళ్లు లేని ఇంట్ల ఎన్నొద్దులుంట తమ్మీ? నీ మీద కోపమేం లేదు. నీ నౌకరి నువ్వు జేసినవ్."

సిద్దయ్యకు పుస్తకంలోని పేజీ గుర్తొచ్చింది. బిందెను గుమ్మంలో దించాడు. ఆమె ఆ నీళ్లు కరివేపాకు మొక్కకు పోసింది. బిందెను కొంగుతో పొడిగా తుడిచి లోపలికి తీసుకెళ్లింది. ఒకరి గిన్నె వట్టిగా తిరిగియ్యొద్దని గొణుక్కుంటూ, మూత పెట్టి తెచ్చి అతని చేతుల్లో ఉంచింది.

సాయంత్రం చివరి సందు వాల్వును అలవాటుగా దాటబోయి, ఆగి, పూర్తిగా తిప్పి తెరిచాడు. తాళం వేసిన ఇంట్లో, తొట్టిలోకి నీళ్లు పడుతున్న చప్పుడు వింటూ చాలాసేపు నిలబడ్డాడు.

అన్నాలకు కూర్చున్నాక పుస్తకం తీసి అశ్రిత చేత ఆ పేజీ చదివించాడు.

"గిది నీకు ముందుగాలనే ఎర్కనా నాయినా?" అంది ఆ పిల్ల నమ్మలేక, "నీకు ఎర్కనా?"

"ఎర్కనే. సదివినంకనే బంద్ జేసిన. ఐతారం మీటింగుల అందరి ముంగట చెప్త. గది ఖాళీ చెయ్యమంటే చేద్దాం."

రాధమ్మ అతని కంచంలో అన్నం వడ్డించింది. గోడ వారగా ఇంటి బిందె, మెడదాకా ఎండుమిరపకాయలు, ఒక్కొక్కటే తొడిమ తీసినవి.