ఎవరికీ చెప్పవద్దన్న ఆరు అంకెలు

నేను ఒక బటన్ ఫోనును. ఫొటో తీయలేను, దారి చూపలేను, ఎవరి ముఖమూ గుర్తుపట్టలేను. ఆ మాటకొస్తే, ముఖం చూసి తెరుచుకునే ఫోన్లున్న ఇళ్ళలో మనుషులు ఒకరి ముఖం ఒకరు ఎంతసేపు చూసుకుంటున్నారో నాకు తెలియనిది కాదు.

పుట్టింది తమిళదేశంలో ఒక కర్మాగారంలో. ఆ రోజు నాతోపాటు నాలుగు వేలమంది పుట్టారు. అందరిదీ ఒకటే ముఖం కాబట్టి ఎవరి పోలిక అన్న తగాదా లేదు. అట్టపెట్టెలో పడుకుని తాడేపల్లిగూడెం వచ్చాను. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే సత్యప్రసాద్ గారు నన్ను కొన్నారు. మూడేళ్ళు చొక్కా జేబులో తిప్పి, పెద్ద తెర ఫోను రాగానే తల్లి సీతారత్నమ్మ గారి చేతిలో పెట్టారు. అమ్మకి ఫోను కొనిచ్చానని చుట్టాలతో చెప్పుకున్నారు కూడా. ఆవిడ నన్ను ఐదేళ్ళు టార్చిలైటుగా వాడారు. ఎవరైనా ఫోన్ చేస్తే, లైటు మోగుతోందేమిటని విసుక్కునేవారు.

ఆ తర్వాత ప్రసాద్ గారికి షేర్లు పట్టుకున్నాయి.

కొత్త కంపెనీ షేర్లు అమ్మకానికి పెడితే జనం ఎగబడతారు. అందరికీ చాలవు కనుక లాటరీ తీసి ఇస్తారు. మనిషికి ఒక్క దరఖాస్తే అని నియమం. దానికి మాస్టారు కనిపెట్టిన ఉపాయం, ఇంట్లో మనుషులు ముగ్గురున్నారు కదా అన్నది. ఊళ్ళో సగం మంది అది అప్పటికే కనిపెట్టారనుకోండి. తన పేరున, తల్లి పేరున, భార్య హైమవతి పేరున బ్యాంకు ఖాతాలు, షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతాలు తెరిచారు. హైమవతిని నేను 'గారు' అనకపోవడం అమర్యాద కాదు, రోజంతా పక్కనే ఉండే చనువు. ఆమె బీఎస్సీ చదివిన మనిషి. అయినా ఆయన వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేసింది. అవతల పప్పు మాడుతోంది మరి.

ఖాతాకొక నంబరు కావాలన్నారు. ఆమె పెద్ద ఫోన్లో ఉన్న సిమ్ము ఆయన పేరు మీదిది. అందుకని తల్లి దగ్గర్నుంచి నన్ను తీసుకుని, ఆవిడ సిమ్ము తన ఫోన్లో వేసుకుని, హైమవతి పేరున కొత్త సిమ్ము తెచ్చి నాలో వేసి, నన్ను పోపులడబ్బా పక్కన కూర్చోబెట్టారు. అప్పటినుంచి నా ఉద్యోగం ఒక్కటే, ఓటీపీ మోయడం. ఖాతా నీదే అనడానికి రుజువుగా బ్యాంకు ఆరు అంకెలు పంపుతుంది. కింద ఒక వాక్యం ఉంటుంది, దీన్ని ఎవరికీ చెప్పవద్దని. నేను టింగుమంటే హాల్లోంచి ఆయన "వచ్చిందా?" అనేవారు. ఆమె గరిటె పట్టుకునే "నాలుగు, సున్నా, ఏడు..." అని కేకేసేది. రెండిళ్ళ అవతలి టైలరు కూడా అప్పజెప్పగలడు.

రెండేళ్ళపాటు ఎవరి పేరునా ఏదీ తగల్లేదు. ఆ తర్వాత రొయ్యల చెరువులకు గాలికొట్టే యంత్రాలు చేసే ఒక చిన్న కంపెనీ షేర్లు అమ్మకానికొచ్చాయి. ఒక్క దరఖాస్తుకే లక్షా ఇరవై వేలు కావాలి. ఆయన దగ్గర లేదు. హైమవతి దగ్గర ఉంది. పక్క వీధి పిల్లలకు ఆరేళ్ళు ట్యూషన్ చెప్పి, చీటీ కట్టి, ఎత్తుకున్న డబ్బు.

"రాకపోతే డబ్బు ఎక్కడికీ పోదు హైమా. నీ ఖాతాలోనే కట్టేసి ఉంచుతారు, లాటరీ అయ్యాక విప్పేస్తారు," అన్నారాయన.

"వస్తే?"

"ఇన్నాళ్ళూ వచ్చిందా?"

వచ్చింది.

షేర్లు బజారుకెక్కిన రోజు ఆయన కాలేజీకి సెలవు పెట్టి లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. పది దాటగానే లక్షా ఇరవై వేలు లక్షా అరవై అయింది. ఇంట్లో ఎవరికీ తెలియదు, నాకూ తర్వాతే తెలిసింది కానీ, ఆయన అప్పటికి ఆరు నెలలుగా తన ఖాతాలో ఆప్షన్లు ఆడుతున్నారు. అంటే షేరు కొనరు, అది ఎక్కుతుందా దిగుతుందా అని కడతారు. కోడి కనబడని పందెం. అందులో గొయ్యి పడింది. అది పూడ్చడానికి హైమవతి షేర్లు అమ్మబోయారు. అమ్మాలంటే ఆరు అంకెలు కావాలి.

టింగుమన్నాను.

"వచ్చిందా?"

"వచ్చింది."

"చెప్పు మరి."

"ఆఖర్న ఏదో రాశాడండీ. ఎవరికీ చెప్పొద్దంట."

"అది రోజూ రాస్తాడు. నేనెవరో బయటివాణ్ణి కాదుగా."

"ఎవరికీ అన్నాడు. మొగుడికి తప్ప అన్లేదు."

హాల్లో కుర్చీ జరిగింది. ఆయన గడప దగ్గరకొచ్చారు. "ఇవాళ అమ్మితే రేపటికి డబ్బు చేతికొస్తుంది. నా ఖాతాలో వేస్తే పందెం నిలబడుతుంది. లేకపోతే బ్రోకరువాళ్ళే దాన్ని నష్టానికి మూసేస్తారు."

"నిలబడితే?"

"పోయిందంతా వెనక్కొచ్చేస్తుంది."

"నిలబడకపోతే?"

సంభావ్యత పాఠం ఇరవై రెండేళ్ళుగా చెబుతున్న మనిషి ఫ్రిజ్ వైపు చూశారు.

"పోయిందెంతండీ?"

మంచం మీంచి సీతారత్నమ్మ గారు అందుకున్నారు. "ఆరంకెలు చెప్పడానికి అంత బేరమేమిటే? ఇంతకీ నా పేర ఏం కొన్నావురా? నన్నెప్పుడూ అంకెలు కేకెయ్యమన్లేదేం?"

"నీ నంబరు నా దగ్గరే ఉందమ్మా."

"నా నంబరు నీ దగ్గరెందుకురా?"

ఈ సంవాదంలో నా ఆరు అంకెలకు గడువు తీరింది. ఆయన హాల్లోకి వెళ్ళి మళ్ళీ నొక్కారు. నాకు మళ్ళీ ఆరు వచ్చాయి. హైమవతి నన్ను గట్టు మీద బోర్లా పడుకోబెట్టి, కొత్తిమీర తుంచడం మొదలుపెట్టింది. అడిగిన ప్రశ్న అడిగినట్టే ఉంది. మూడోసారి ఆయన నొక్కలేదు.

"రెండు లక్షల అరవై వేలు," అన్నారు.

ఆమె స్టవ్ ఆపేసింది. వంట మధ్యలో ఆ ఇంట్లో స్టవ్ ఆగడం నేనెప్పుడూ చూడలేదు. చేతులు తుడుచుకుని, నన్ను పట్టుకుని, వెళ్ళి లాప్‌టాప్ ముందు కూర్చుంది.

"ఇప్పుడు మూసేస్తే మీకెంత మిగులుతుంది?"

"నలభై వేలు."

"మూసేయండి."

"రేపు ఎక్కితే?"

"ఎక్కనివ్వండి. దాని ఇష్టం."

ఆయన పక్కనుంచి వంగి తన ఖాతా తెరిచారు. తర్వాత మూసేశారు. మూసేశాక ఆయన భుజాలు కొంచెం కిందికి దిగాయి. ఆరు నెలల్లో అవి దిగడం అదే మొదటిసారి అనుకుంటాను.

"మరి నీవి? లాభానికి అమ్మేద్దామా?"

"మా తమ్ముడి చెరువులో ఆ యంత్రాలు నాలుగున్నాయి. ఆగిపోతే గంటలో మనిషొస్తాడు. ఆ కంపెనీ గురించి నాకు తెలిసింది అంతే. అంతమాత్రం చాలదు, ముందు చదవనివ్వండి. పాస్‌వర్డ్ ఏమిటి?"

ఆయన చెప్పారు. ఆమె మార్చింది.

ఆ వారం కంపెనీవాళ్ళ మూడు వందల పేజీల పత్రం చదివింది. అప్పెంత, సరుకు ఎవరు కొంటున్నారు, వచ్చిన డబ్బుతో ఏం చేస్తామంటున్నారు అని. రెండుచోట్ల మొహం చిట్లించింది, ఒకచోట తలూపింది, చివరికి ఉంచుకుంది. తర్వాత ఆ షేరు ఎక్కిందా దిగిందా అని మీకు ఆత్రంగా ఉంటుందని తెలుసు. మీరూ మనుషులే కదా. రెండూ జరిగాయి. ఆమె మాత్రం పొద్దున్నే లేచి ధర చూసే అలవాటు చేసుకోలేదు. చేసుకున్నది ఒకటే. ట్యూషన్ డబ్బులో సగం నెలనెలా బ్యాంకు డిపాజిట్లోకి పంపుతోంది. దానికి ఆరు అంకెలు వచ్చినప్పుడు తనే చూసి తనే నొక్కుకుంటుంది.

మొన్న ఇంకో కొత్త కంపెనీ వచ్చింది. ప్రసాద్ గారు వంటింటి గడప దగ్గర నిలబడి, "నీ పేర వేయనా?" అని అడిగారు. ఆ ప్రశ్న ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు.

"వాళ్ళేం చేస్తారో ఒక పేజీలో రాసివ్వండి, చూస్తాను."

రాశారు. ఆమె చదివింది. "అప్పు సంగతి రాయలేదేమండీ?"

"అది రాస్తే నువ్వు వద్దంటావని."

"వద్దు."

ఫ్యాను గాలికి కాగితం ఎగరకుండా నన్ను దానిమీద పెట్టి లోపలికి వెళ్ళింది. వెనక మూత ఊడిపోతుంటే రబ్బరుబ్యాండు వేసిన ఒళ్ళు నాది. పాతసామాన్లవాడు తూకం వేస్తే నలభై రూపాయలు కూడా రాను. అయినా ప్రసాద్ గారు ఆ కాగితం కోసం రెండుసార్లు చెయ్యి చాచి, నన్ను కదపకుండానే వెనక్కి తీసుకున్నారు.