కొండ మేత తినదు

"తప్పు కొండ మీదికి నెట్టకండి. ఈ చేపల్ని చంపింది మీరు. నువ్వూ, నీ మేతా, దానికి తలూపిన మా మేనమామా."

యార్నిస్ దోసెడు నల్ల బురద తెచ్చి రేవు చెక్కల మీద కొట్టింది. అది చింది మేత వ్యాపారి అస్రిల్ లాగుకు అంటుకుంది.

అతను కోపం తెచ్చుకోలేదు. "గంధకం వాసన రావడం లేదా తల్లీ? అగ్నిపర్వతం ఊపిరి వదిలింది. నేను పోయి దాని ముక్కు మూయనా? నీళ్ళు తేరనీ, కొత్త చేపపిల్లల్ని దింపుదాం."

"లంగరు రాయి లాగితే వచ్చిందిది. నలిపి చూడు, నీ మేత గింజలే. కొండ ఎప్పుడు మేత తిందయ్యా?"

మనింజావు కొండ ఏనాడో నిప్పులు కక్కి, కడుపు ఖాళీ అయి, తనలో తానే కూలిపోయింది. ఆ గుంటే ఈ సరస్సు. చుట్టూ నిటారు గోడలు, నీళ్ళు బయటికి పోయే దారి ఒక్కటే. అందులో పడింది అందులోనే కుళ్ళుతుంది. కొండగాలి గట్టిగా దిగిందంటే అడుగు నీళ్ళు పైకి తిరగబడతాయి, చేపలకు ఊపిరాడదు. ఈ సంగతి తెలియనివాడు ఒడ్డున లేడు. తెలిసే గంధకం అంటారు. అలా అనేస్తే ఇక తప్పు ఎవరిదీ కాదు.

యార్నిస్‌కు మిగిలింది నీళ్ళ మీద తేలే చేపల వలగూడు ఒక్కటే. అందులో చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఏరు కలిసేచోటికి, మంచినీళ్ళలోకి లాక్కుపోతే బతుకుతాయి. అవీ పోతే పొయ్యి వెలగదు. గూటిని పడవకు కట్టి తెడ్డు వేసింది. కాస్త దూరం పోయేసరికి దారి మూసుకుపోయింది. ఏటి దాకా గూటికి గూడు ఆనించి కట్టేశారు. మొదటి గూటి అంచున దాని మనిషి నుర్లియా కూర్చుని ఉంది.

"నుర్లియా, ఆ తాడు విప్పవే."

"విప్పితే నాది కొట్టుకుపోతుందక్కా."

"నీ గూట్లోవన్నీ చచ్చాయి కదే."

"చచ్చినా నావే. నీవి బతికితే నాకేం పెడతావు?"

"కూర పెడతా. బతికినన్నాళ్ళూ పెడతా. విప్పు."

నుర్లియా నవ్వబోయి ఏడ్చింది. తాడు విప్పింది. దాని వెనక ఇంకో తాడు, దాని వెనక మరొకటి. వాటివాళ్ళు అక్కడ లేరు. యార్నిస్ కత్తి తీసి కోస్తూ పోయింది. అరచేతులు చీరుకుపోయాయి. ఏటి చల్లదనం చేతికి తగిలేసరికి వెనక గూట్లో చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే అన్నీ తెల్లని పొట్టలే.

ఆ గూటిని అలాగే రేవుకు లాక్కొచ్చింది. అస్రిల్ పడవలోంచి కూలీలు మేత బస్తాలు భుజాలకెత్తుకుంటున్నారు. మేనమామ జమారిస్ వంశపెద్ద. ఆయన ఒప్పుకోనిదే ఈ ఒడ్డున గూడు దిగదు. ఆయన బస్తాల పక్కనే నిలబడి నేల చూపులు చూస్తున్నాడు.

"మామా, ఇటు చూడు. ఆ బస్తాలు తిరిగి పడవెక్కించమను. గూళ్ళన్నీ పైకి లాగించు, నాది మొదలు. జిల్లా అధికారులు యంత్రాలు తెచ్చి అడుగు కుళ్ళు తోడేదాకా ఒక్క చేపపిల్ల నీళ్ళలో పడకూడదు. మసీదు దగ్గర కూర్చుని మాట్లాడదాం అనకు. ఇక్కడే, వాడి బస్తా చెక్క మీద దిగకముందే చెప్పు."