దెబ్బ తగలనిది ఒక్కటి

వాన వెలిసింది. కారు తలుపు మీద నీటిచుక్కలు. ఒక్కో చుక్కలో ఒక్కో చిన్న ఆకాశం.

ఆమెకు ఆకాశం కనబడలేదు. చుక్కల కింద సొట్ట కనబడింది.

వంగింది. ఫోన్ ఎత్తింది. ముందు బండి మొత్తం, నాలుగు మూలల నుంచీ. తర్వాత దగ్గరగా. తర్వాత ఇంకా దగ్గరగా — సొట్ట పక్కన చిన్న ఉక్కు స్కేలు ఆనించి. దెబ్బ ఎంత పెద్దదో ఫోటోయే చెప్పాలి. బీమా సర్వేయరు పని అది. గుద్దుకున్న బండి దగ్గరికి వెళ్లడం, దెబ్బను ఫోటో తీయడం, ఇంకో బండి దగ్గరికి వెళ్లడం.

ఇంటికి వచ్చినా ఆ కళ్లు ఆమెతోనే వచ్చేవి. గోడలో బీట. కప్పు అంచున ఊడిన పెచ్చు.

మొగుడి మొహం మీద గాటు.

కనుబొమ్మ నుంచి చెంప దాకా. అతను వానలో బండి మీంచి జారిపడిన రోజు మిగిల్చిపోయిన గాటు. గాయం మానింది. కుట్లు విప్పారు. అతను మళ్లీ సెలూన్‌కి వెళుతున్నాడు, కత్తెర ఆడిస్తున్నాడు, వచ్చినవాళ్లకు లోకంలోని కబుర్లన్నీ చెబుతున్నాడు.

ఆమెకే మానలేదు.

పొద్దున్నే లేచి చూసేది. అన్నం వడ్డిస్తూ చూసేది. ఎరుపు తగ్గిందా, ఉబ్బిందా, నిన్నటికంటే... చూసేది. కంటికి కునుకు లేదు. కాలుగాలిన పిల్లిలా గదులన్నీ తిరిగేది. ఆ రోజు ఫోన్ మోగిన మోత ఇంకా చెవుల్లోనే ఉంది. మళ్లీ మోగితే? పేరు పెట్టి చెప్పాలంటే అది భయం. ఉత్త భయం.

ఆమె అవస్థ ముందు పసిగట్టింది అతని చెల్లెలు. ఆస్పత్రిలో నర్సు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు గానీ, ఈ ఆడబిడ్డ పూర్తి స్నేహితురాలు.

"వదినా, రోజుకో ఫోటో తియ్యి. ఆఫీసుకి కాదు, నీకోసం. దెబ్బ తగలనిదేదైనా సరే."

"దెబ్బ తగలనిది ఎక్కడుందే?"

"వెతుకు. వెతకడమే కదా నీ పని!"

వెతికింది. పువ్వును తీసింది — రేకు మీద పురుగు తొలిచిన చిల్లు. పిల్లిని తీసింది — చెవి చిరిగింది. కొత్త మేడను తీసింది — కిటికీ అద్దం మీద గీత. తీసిన ప్రతిదాన్నీ వేళ్లతో పెద్దది చేసి, లోపం దొరికేదాకా వదిలేది కాదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఉద్యోగంతో వచ్చిన బుద్ధి అంతకంటే మొండిది.

ఒక పొద్దున వేడి గ్లాసులోంచి ఆవిరి లేచింది.

తీసింది. పెద్దది చేసింది. ఆవిరికి సొట్ట లేదు. ఇంకా పెద్దది చేసింది... బీట లేదు. గుండెల మీంచి ఎవరో చెయ్యి తీసినట్టయింది. కాసేపే. ఆ కాసేపూ ఊపిరి హాయిగా ఆడింది.

మర్నాడు పరదా లోంచి పడ్డ ఎండ. ఆ తర్వాత, బస్సు కిటికీ అవతల పరుగెత్తే పచ్చదనం. ఎండను ఎవరూ గుద్దలేరు. ఆమెకు నవ్వొచ్చింది. నిద్ర కూడా కొంచెం కొంచెం వచ్చింది.

అతని సెలవు రోజు. మధ్యాహ్నం. నిద్రపోతున్నాడు. మొహం మీద కిటికీ వెలుతురు... ఎంత బాగున్నాడో! ఇవాళ్టి ఫోటో ఇదే అనుకుంది. ప్రేమగానే అనుకుంది. ప్రేమగానే ఫోన్ ఎత్తింది.

ముందు మంచం మొత్తం. నాలుగు మూలల నుంచీ. తర్వాత దగ్గరగా. తర్వాత ఇంకా దగ్గరగా —

చల్లగా ఏదో తగిలి అతను కళ్లు తెరిచాడు.

చెంప పక్కన ఉక్కు స్కేలు.

అది తన చేతిలోకి ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియదు.

అతను అరవలేదు. అరిచినా బాగుండేది. లేచి చొక్కా తొడుక్కున్నాడు. సంచిలో నాలుగు బట్టలు కుక్కుకున్నాడు.

"రోజంతా అద్దం ముందు నిలబడే పని నాది. మొదట్లో అద్దం కూడా ఏడిపించింది. ఇప్పుడది ఊరుకుంది. నువ్వే ఊరుకోవట్లేదు."

"అలవాటులో..."

"తెలుసు. అందుకే వెళుతున్నా. చెల్లి దగ్గరుంటా."

ఇల్లు మిగిలింది. దిండు మీద అతని తల పడ్డ గుంట మిగిలింది. ఫోన్ ఎత్తింది. సొట్ట, అనుకుంది. తీయలేదు.

"తింటున్నాడు, పడుకుంటున్నాడు," అంది ఆడబిడ్డ ఫోన్‌లో. "వస్తాడో రాడో నేనడగను వదినా. నువ్వే అడగాలి."

అడగాలి. ఏ మొహం పెట్టుకుని?

ఒక మధ్యాహ్నం, బేరాలు లేని వేళ, సెలూన్‌కి వెళ్లింది. కుర్చీలో కూర్చుంది. పెళ్లయిన నాటి నుంచీ ఆమె జుట్టు అతనే కత్తిరిస్తాడు. గుడ్డ దులిపి మెడకు కట్టాడు. నీళ్లు చల్లాడు.

"ఎంత తియ్యమంటావు?"

"నీ ఇష్టం."

అద్దంలో ఇద్దరూ. ఆమె చూపు గాటు మీదికి పోయింది. లాక్కుంది. మళ్లీ పోయింది. మళ్లీ లాక్కుంది... కళ్లకు కళ్లెం ఉండదు కదా. అతని వేళ్లు ఆమె చెవిని మడిచాయి. కత్తెర నెమ్మదించింది.

"అక్కడేముంది?" అడిగింది ఆమె.

"మచ్చ. చిన్నప్పుడెప్పుడో తగిలినట్టుంది. వెంట్రుకలు మొలవవు."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదటిసారి కత్తిరించినప్పట్నుంచి."

"ఒక్కసారి కూడా చెప్పలేదేం?"

"చెప్పడానికేముంది? పైన కొంచెం పొడుగు వదిలేస్తా. అంతే."

అంతే.

ఇన్నేళ్లూ అంతే. తనకు తెలియని తన దెబ్బను అతను ఇన్నేళ్లూ కప్పుతూ వచ్చాడు. సిగ్గేసింది. ఏడుపొచ్చింది. అడిగేసింది.

"ఇంటికొస్తావా?"

"కదలకు. కత్తెర ఉంది."

కదల్లేదు. గుడ్డ కింద నుంచి ఫోన్ మాత్రం బయటికి తీసింది. అద్దం వైపు తిప్పింది. దగ్గరికి జరగలేదు. కూర్చున్నచోటి నుంచే — ఒక్కసారి.

పెద్దది చేసి చూడలేదు. వేళ్లు లాగుతున్నాయి... ఫోన్ ఒళ్లో బోర్లించింది.

తడి జుట్టు కొసన ఒక చుక్క వేలాడుతోంది. జారి, నుదుటి మీదికి వస్తోంది. తుడుచుకోలేదు. వెనక కత్తెర ఆడుతూనే ఉంది.