నామాల బాతులు పోయే దిక్కు

పిట్టను చూసిన మనిషి రెండే పనులు చేస్తాడని నీరడి మల్సూర్ నమ్మకం. చేన్లో వాలితే వడిసెల తిప్పుతాడు, చెరువులో వాలితే ఉచ్చు పన్నుతాడు. ఈ రెండూ చేయకుండా, ఊరికే చూసి సంతోషపడి ఇంటికి పోయేవాడు ఒకడున్నాడంటే, వాడు చూసేది పిట్టను కాదన్నమాట.

పోలీసు యాక్షన్ జరిగి ఆరు నెలలైంది. ఫాల్గుణ మాసం. త్రిపురారానికి కోసెడు దూరంలో ఉన్న ఆ ఊళ్లో సూర్యాపేట నుంచి వచ్చి నర్సింగరావు పంతులు దిగాడు. వడ్ల వ్యాపారం చేసే కోమట్ల ఇంటి కోడలు భాగ్యవతికి ఆయన అన్న. గొడవల్లో ఆయన చదువు చెప్పే బడి మూతబడింది. చలిజ్వరం పట్టి మనిషి చీపురుపుల్ల అయ్యాడు. గాలి మారితే కోలుకుంటాడని చెల్లెలు పిలిపించుకుంది. వచ్చినవాడు చెల్లెలు పెట్టిన పెరుగన్నం తిని పడుకోవచ్చు కదా! మెడలో దుర్బీన్ వేలాడేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు.

"రేపు పొద్దుగాల చెరువు మీదికి పిట్టలు చూడబోదాం. చిన్నా పెద్దా ఎవరైనా రావొచ్చు. ఎండలు ముదిరితే ఇవి ఉత్తరానికి లేచిపోతయి, మళ్లీ చలికాలం దాకా రావు. ఏమీ తేనక్కరలేదు. నోరు మాత్రం మూసుకోవాలె."

నోరు మూసుకోవాలనేసరికి ఊరికి అనుమానం వచ్చింది. ఆ రోజుల్లో నోరు మూసుకొమ్మనేవాళ్లు రెండే రకాలు: అడవిలో ఉన్న దళంవాళ్లు, క్యాంపులో ఉన్న మిలటరీవాళ్లు. ఈయన ఏ రకం? పదిమంది ఒకచోట నిలబడితే తుపాకీ తిరిగే కాలం కాబట్టి పంతులు ముందే మిర్యాలగూడ పోయి, పిట్టలు చూడటానికి క్యాంపు నుంచి చిట్టీ తెచ్చుకున్నాడని తెలిసింది. దాంతో మల్సూర్ అనుమానం రాయిలా గట్టిపడింది.

మల్సూర్‌కు అంత అనుమానం పుట్టడానికి కారణం చెరువు తలాపున ఉంది. నీళ్లు వెనక్కి తగ్గి శికం నేల బయటపడ్డ చోట నిలువెత్తు జమ్ము పెరిగింది. ఆ జమ్ములో తొమ్మిది రోజులుగా అతని అల్లుడు కొండల్ దాక్కుని ఉన్నాడు. పెద్ద నేరమేమీ చేయలేదు, దళంవాళ్లకు రెండుసార్లు అంబలి కుండ మోశాడు. అంబలి పలచనే గానీ పేరు మాత్రం క్యాంపు జాబితాలో చిక్కగా పడింది. అదే జాబితాలో ఉన్న పక్క ఊరివాళ్లు ఇద్దరు పట్టుబడ్డారు. ఇంటికి తిరిగి రాలేదు. పారిపోదామంటే కొండల్ పాదంలో తుమ్మముల్లు విరిగి కాలు గుమ్మడికాయలా వాచింది. వాపు తగ్గాక నడిగూడెం మీదుగా కోదాడ దాటించి ఆంధ్ర వైపు పంపాలని మామ ఆలోచన.

అందాకా తిండి పెట్టాలి. చెరువు తూము ఎత్తి పొలాలకు నీళ్లు పంచేవాడే నీరడి కాబట్టి, తెల్లారకముందు చెరువు మీద తిరిగినా ఎవరూ అడగరు. గొంగడి కింద నాలుగు జొన్నరొట్టెలు, ఇంత మిరపతొక్కు పెట్టుకుని పోయి వచ్చేవాడు. ఇప్పుడు అదే వేళకు పంతులు మందను తోలుకుని కట్టెక్కుతానంటున్నాడు!

మొదటి రోజు పదకొండు మంది వచ్చారు. పిల్లలు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, కళ్లకు పొరలు కమ్మిన వెంకటనర్సమ్మ. "కండ్లు కనపడని నీకు పిట్టలెందుకే?" అని కోడలు అడిగితే, "నీ మొకం కంటే నయమే గదా" అని కర్ర పట్టుకుని బయల్దేరింది. రొట్టెలు చంకలో దాచుకుని మల్సూర్ కూడా వెంట నడిచాడు.

పంతులు దుర్బీన్ కంటికి పెట్టుకుని చెరువంతా తిప్పి, తిప్పి, సరిగ్గా జమ్ము దగ్గర ఆపాడు.

"అదిగో, తెల్లటి తల మీద రెండు నల్ల గీతలు. నామాలు పెట్టుకున్నట్టు లేవూ? ఆ బాతులు జమ్ము పక్కనే మేస్తున్నయి. దగ్గరికి పోదాం."

"అటు పోరాదు పంతులూ," అన్నాడు మల్సూర్. ఎందుకు పోరాదో అతనికి ఇంకా తెలియదు. "గాడ... మొసలున్నది."

"చెరువులో మొసలా?"

"వాడపల్లి కాడ క్రిష్ణల పుట్టింది. వాగెంట ఎదురెక్కి వచ్చింది. పోయినేడు సాకలి హన్మ గాడిదను నున్నగ మింగింది. మూడొద్దులు గాడిద దాని కడుపుల నుంచి ఓండ్ర పెట్టింది. రేవుకు పోయే యాళ్లకే పెట్టేది. అలవాటు గదా, పాపం."

"అవునయ్యో, నేను గూడ ఇన్న," అంది వెంకటనర్సమ్మ. "నాకైతే బర్రె అనిపించింది."

పిల్లలు నోళ్లు తెరిచారు. పంతులు నవ్వలేదు, కాదనలేదు. దుర్బీన్ దించి మల్సూర్‌ను ఎగాదిగా చూశాడు. అబద్ధమని తెలిసీ గద్దించని పంతులు ఉంటాడా? అదీ ఒక అనుమానమే.

మొసలి పేరు చెప్తే జనం జడిసి ఇంట్లో కూచుంటారనుకున్నాడు మల్సూర్. మర్నాడు నలభై మంది వచ్చారు. మంచం పట్టిన ముసలాయనను కొడుకులు మంచంతో సహా మోసుకొచ్చారు, గాడిద ఓండ్ర వినాలట. అంతమంది కళ్లముందు మల్సూర్ జమ్ములోకి దూరలేకపోయాడు. రొట్టెలు చంకలోనే చెమటకు తడిసి వాపసు వచ్చాయి. ఆ రోజు కొండల్ పస్తు.

మూడో రోజు మల్సూర్ ఇంకో అబద్ధం ఆడక తప్పలేదు.

"మొసలి అంటే గంగమ్మ వాహనం. దాని ఇలాకకు ఉత్త చేతులతోటి వస్తే ఊకుంటదా? జర ముద్ద పెట్టాలె."

కట్టమైసమ్మకు బోనం పెట్టినా నీరడి చేతుల మీదుగా పెట్టడమే ఆ ఊరి ఆచారం. మొసలికీ అదే ఆచారం వర్తించింది. జనం కట్ట మీదే నిలబడిపోయారు. మల్సూర్ ఒక్కడే రొట్టెలు పట్టుకుని దర్జాగా జమ్ములోకి పోయాడు.

"తొక్కు గూడ తీస్కపోతున్నవ్?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఉత్త రొట్టె నువ్వు తింటవా? అది మాత్రం ఎట్ల తింటది?"

ఇక చూడండి. మర్నాటి నుంచి ఇంటికో మూట. ఒకరు గారెలు, ఒకరు సజ్జ మలీద, ఒకరు కోడికూర. భాగ్యవతి ఇంటి నుంచి పులిహోర. మల్సూర్ విప్పి చూడకుండా మూటలన్నీ మోసుకుపోయి జమ్ములో పెట్టి వచ్చేవాడు. పది రోజుల్లో కొండల్ కాలి వాపు దిగి, బుగ్గల వాపు ఎక్కింది. సొంత ఇంట్లో పెళ్లినాడు కూడా అంత తిని ఉండడు. నడవగలిగేట్టు ఉన్నాడు. ఎల్లుండి కదిలిద్దామనుకున్నాడు మల్సూర్.

ఆ పొద్దుటే పంతులు దుర్బీన్ కంటి నుంచి తీయకుండా అడిగాడు:

"మల్సూర్, నీ మొసలి కూర్చుని తింటదా, పండుకుని తింటదా?"

మల్సూర్ గొంగడి సర్దుకున్నాడు. "మొసలి కూసుంటదా పంతులూ?"

"నాకేం తెలుసు? దగ్గర నుంచి చూసినోడివి నువ్వు."

అంటే చూశాడు. ఆ గాజుకళ్లతో మొదటి నుంచీ చూస్తూనే ఉన్నాడు. క్యాంపు చిట్టీ, జేబులో నోటుపుస్తకం, రోజూ రాసుకోవడం, ఇప్పుడీ ప్రశ్న. నాలుగూ కలిపి చూసుకుంటే మల్సూర్‌కు అల్లుడి శవమే కనిపించింది. ఎల్లుండి కాదు, రేపే కదిలించాలి.

మర్నాడు తెల్లారేసరికి కట్ట మీద జమాదారు రాందాస్, నలుగురు జవాన్లు నిలబడి ఉన్నారు. జమాదారు చేతిలో రైఫిలు.

"నీరడీ! మగర్ ఎక్కడుంది చూపియ్. కప్తాన్ సాబ్‌కు తోలు కావాలె, బూట్లకు."

మొసలి కీర్తి మిర్యాలగూడ దాకా పాకిందన్నమాట! కానీ మల్సూర్‌కు అది తట్టలేదు. వాళ్లను పంతులే పిలిపించాడని పళ్లు కొరికాడు.

"లేదు హుజూర్. క్రిష్ణలకు వాపస్ పోయింది."

"గదేందిరా," అంది వెంకటనర్సమ్మ. "నిన్ననే నా గారెలు తిన్నదంటివి?"

మల్సూర్‌కు ఆమె గొంతులో గారె కుక్కుదామన్నంత కోపం వచ్చింది. జమాదారు అప్పటికే శికంలోకి దిగి జమ్ముకు ఎదురుగా మోకాలు వేశాడు. నడవగలిగినవాళ్లంతా బిక్కుబిక్కుమంటూ వెనకే దిగారు. గాలి లేదు. అయినా ఒకచోట జమ్ము కొనలు కదిలాయి. రైఫిలు గొట్టం అటు తిరిగింది. మల్సూర్‌కు చెప్పడానికి ఒక్క అబద్ధం కూడా నోటికి రాలేదు.

"జమాదార్ సాబ్," అన్నాడు పంతులు. "ఇప్పుడు పేలిస్తే బాతులన్నీ బెదిరిపోతయి. చాలా దూరం ఎగరాల్సినవి, నాలుగు రోజులు మేయనియ్యండి."

"చుప్!"

"హిమాలయాలు దాటాలె."

జమాదారు కన్ను మూసి గురి చూశాడు.

పంతులు బడిలో వెనక వరుసకు వినపడేట్టు గొంతు పెంచాడు. "ఇంకా అవతల రష్యాకు పోవాలె!"

మూసిన కన్ను తెరుచుకుంది. రైఫిలు కిందికి దిగింది. "క్యా బోలా?"

"రష్యాకు. ఏటా చలికాలం అక్కడి నుంచే వస్తయి, ఎండలకు అక్కడికే పోతయి. ఏ రోజు ఎటు లేచినయో నేను రాసుకుంటున్న." అంటూ పంతులు జేబులోంచి నోటుపుస్తకం తీసి తానే చేతికిచ్చాడు.

ఆ రోజుల్లో క్యాంపువాళ్ల ముందు ఆ దేశం పేరెత్తితే పాలు తాగే పిల్లవాడి నోరైనా మూసేవారు. కమ్యూనిస్టులకు అది కాశీ. ఈ పంతులుకు పిచ్చి పట్టిందా? జమాదారు పుస్తకం తిప్పాడు. తెలుగు చదవడం రాదు గానీ బాణం గుర్తులు అర్థమయ్యాయి, అన్నీ ఉత్తరానికే ఉన్నాయి. లేచి పంతులు చెంప మీద ఒక్కటి చరిచాడు. నలుగురు జవాన్లూ చుట్టుముట్టి ఆయన కండువాతోనే ఆయన చేతులు విరిచి కట్టారు. ఆ కేకలకు బాతులు గుంపుగా లేచాయి. తలకాయలన్నీ పైకి లేచాయి. జమాదారు కూడా, రష్యాకు ఎటు పోతున్నాయో చూద్దామని, నోరు తెరిచి ఆకాశంలోకి చూశాడు.

అదే అదనుగా జమ్ములోంచి కొండల్ బయటికి వచ్చాడు. మోకాళ్ల దాకా బురద, అయితే అక్కడ ఎవరి మోకాళ్లకు బురద లేదు గనుక! మల్సూర్ తన గొంగడి అతని నెత్తిన పడేశాడు. వెంకటనర్సమ్మ చేయి చాచింది. కొండల్ ఆ చేయి అందుకుని మనవడిలా పక్కన నిలబడ్డాడు. నలభై మందీ చూశారు. ఒక్కరి గొంతూ లేవలేదు.

"ఘర్ జావ్! పిట్టలు గిట్టలు బంద్!" అని జమాదారు ఒక జవాను లాఠీ అందుకుని ఊపుతూ అందరినీ కట్ట దాటేదాకా తరిమాడు. కొండల్‌నూ తరిమాడు, పాపం, కుంటుతున్నాడని వాణ్ణి ఒక దెబ్బ తక్కువే కొట్టాడు.

ఆ సాయంత్రమే ఎరువు బండిలో కొండల్ నడిగూడెం దారి పట్టాడు. ఐదో రోజు కోదాడ దాటాడని కబురు వచ్చింది. కూతురు సుగుణ దాదాపు నెల రోజుల తర్వాత కడుపునిండా తిన్నది. మల్సూర్ మాత్రం తినలేకపోయాడు. పంతులు క్యాంపు మనిషైతే క్యాంపు ఎందుకు కట్టేసింది? అమాయకుడైతే మొసలి కూర్చుంటుందా అని ఎందుకు అడిగాడు? ఆ మాట తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా?

ఎనిమిదో రోజు పంతులును వదులుతున్నారని తెలిసి, బండి కట్టుకుని తానే మిర్యాలగూడ పోయాడు. కప్తాన్‌కు బాతుల వేట సరదా అట. పుస్తకం చదివించుకుని, జమాదారును నాలుగు తిట్టి పంతులును వదిలేశాడు. దుర్బీన్ మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు.

బండెక్కుతూ పంతులు అన్నాడు, "కుడిపక్క కూర్చుని మాట్లాడు మల్సూర్. ఆ దెబ్బకు ఎడమ చెవి పోయింది, రవ్వంత కూడా వినపడుత లేదు."

ఊళ్లు దాటారు. మోదుగుచెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి. దారి మీద నరమానవుడు లేడు. చెప్పాలి, ఈ మనిషికి ఆ మాట చెప్పి తీరాలి. కానీ చెప్తే అల్లుడి జాడ ఇచ్చినట్టే. చివరికి మల్సూర్ పగ్గాలు సర్దుకుంటున్నట్టు నటిస్తూ బండిలో ఎడమ పక్కకు జరిగాడు. పోయిన చెవి దగ్గర నోరు పెట్టి, తనకే వినపడనంత సన్నగా అన్నాడు:

"మా అల్లుడు కోదాడ దాటిండు పంతులూ. మీ పుణ్యం."

పంతులు తల తిప్పలేదు. బండి ఒక వాగు దిగి ఎక్కింది.

"ఆ పిల్లగానికి ఎవరైనా చెప్పండి," అన్నాడు పంతులు అప్పుడు. "దాక్కున్నోడు పొద్దుగాల బీడీ తాగొద్దని. ఆ పొగకు ఎన్ని బాతులను బెదరగొట్టిండో!"

మల్సూర్ ఎద్దులను ఆపేశాడు. చెవి పోయిందన్నది అబద్ధమా అని పంతులు మొహంలోకి చూశాడు. అంతలో ఇంకోటి తట్టి, ఆ సంగతే మరిచాడు. రొట్టెలు మోశాడు, తొక్కు మోశాడు. బీడీ మాత్రం ఒక్కటి కూడా కొని తేలేదు. మరి ఎవరి మూటలో వచ్చింది? మొసలికి బీడీ కట్ట, అగ్గిపెట్టె పంపినవాళ్లు ఎవరు? ఒక్కరా, ఇద్దరా, ఊరు ఊరంతానా? తెలిసీ అన్ని రోజులు గాడిద ఓండ్ర వినడానికి చెవులు రిక్కించి నిలబడ్డారా?

ఊళ్లో ఎవరినైనా అడుగుదామంటే తన మొసలి సంగతి తానే ఒప్పుకున్నట్టు అవుతుంది. అడగకుండా ఉండటం అతని వల్ల కాదు.

"ఏమైంది?" అన్నాడు పంతులు.

"ఏం లేదు," అని మల్సూర్ ఎద్దుల తోకలు మెలిపెట్టాడు.