కిటికీ కింద మంచం

మంచం కాళ్ళ కింద తడిగుడ్డలు పెడితే నాపబండల మీద చప్పుడు లేకుండా జారుతుంది. గోడలు కట్టే బేల్దారి పనికి పోయిన ఇళ్ళలో ప్రభాకర్ అట్లా ఎన్ని బీరువాలు జరిపాడో లెక్కలేదు. సొంత ఇంట్లో ఏదైనా జరపడం మాత్రం ఇదే మొదలు. ముందుగదిలో కిటికీ కింద ఉన్న మంచాన్ని వెనకగదిలోకి లాగుతుంటే, స్టూలు మీద కూర్చున్న భార్య హెలెన్ చూస్తూ ఉంది. కాళ్ళు వాచి, మెడ దగ్గర ఎముకలు తేలి, కూర్చున్నా ఆయాసపడుతోంది. గుండెలో వాల్వు చెడిందనీ, ఆపరేషన్‌కు ఆ ఒళ్ళు తట్టుకోదనీ డాక్టర్లు చెప్పేశారు.

"ఏంది మామా, పొద్దున్నే ఈ పని?"

"కిటికీ కింద పండుకుంటే ఒంట్లో శక్తంతా బయటికి పోతాదంట. తలకాడ గట్టి గోడ ఉండల్లంట. పనికాడ చైనా వాస్తు చూసే ఫెంగ్ షుయ్ సారు చెప్తాంటే నిన్న విన్యా."

హెలెన్‌కు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గు వస్తుంది కాబట్టి కాస్త ఆగి అంది. "యేసయ్య పుట్టిన పశువుల కొట్టానికి దిక్కులెవురు సూసినారు మామా?"

"పాస్టరయ్యకు మాత్రం చెప్పొద్దు."

అతని మొహం చూశాక ఆమె ఇంక ఎగతాళి చేయలేదు. డాక్టర్లు చేతులెత్తేసిన దగ్గర్నుంచి ఈ మనిషి ఏదో ఒకటి చేయాలని గింజుకుంటున్నాడు. చేయడానికేమో ఏమీ లేదు. "సరే, జరుపు. నీ మనసు నిమ్మళంగా ఉంటే సాలు. సాజియాకు ఒక మాట చెప్పిపో" అంది.

జమ్మలమడుగులో వాళ్ళ సందు ఎంత ఇరుకంటే, ఆ కిటికీలోంచి చూస్తే ఎదురింటి సాజియా మిషన్ మీద ఏ రంగు జాకెట్టు కుడుతోందో తెలుస్తుంది. కుక్కలు దూరతాయని ప్రభాకర్ పనికి పోతూ తలుపుకు బయట గొళ్ళెం పెట్టిపోతాడు. హెలెన్‌కు ఏదన్నా కావాల్సివస్తే స్పూనుతో కిటికీ ఊచ మీద కొడుతుంది. సాజియా మిషన్ ఆపి, గొళ్ళెం తీసి లోపలికి వస్తుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ప్రభాకర్ జేబులోనే ఉంటుంది. కిటికీ ఉండగా ఫోనెందుకని హెలెనే అంటుంది.

అతను బయటికి వచ్చేసరికి సాజియా నీళ్ళ కోసం కొళాయి దగ్గరికి పోయింది. ప్రొద్దుటూరు బస్సు హారన్ వినిపించింది. సాయంత్రం చెబుదాంలే అనుకుని, అలవాటుగా గొళ్ళెం పెట్టి పరుగెత్తాడు.

ప్రొద్దుటూరులో పని ఒక బట్టల వ్యాపారి మేడలో. పోయినేడు వాస్తు ప్రకారం అక్కడో ద్వారం పెట్టాలంటే గోడ పగలగొట్టి పెట్టింది ప్రభాకరే. ఈ ఏడు ఫెంగ్ షుయ్ ప్రకారం దాన్ని మూసేయాలంటే ఇటుకలు పేరుస్తున్నదీ అతనే. ఆ గోడకు నోరుంటే అందర్నీ కలిపి తిట్టేది. హాల్లో నవ్వుతున్న బుద్ధుడు, నోట్లో నాణెం పెట్టుకున్న కప్ప, గుమ్మానికి గలగలలాడే గొట్టాలు. ఆ ఇంట్లో లేనిదల్లా నిద్రేనని ఇంటామె రోజూ చెబుతుంది. పులివెందులలో చీనీకాయల తోటలోళ్ళ ఇంట్లో పనిచేసినప్పుడు కూడా ఇట్లాంటి కప్పనే చూశాడు. అప్పుడు నవ్వుకున్నాడు. మనకు కష్టం రానంతసేపే ఆ నవ్వు.

టీ తాగేటప్పుడు ధైర్యం చేసి ఫెంగ్ షుయ్ సారు హరికృష్ణ దగ్గరికి వెళ్ళాడు. దిక్సూచి పట్టుకుని గదులన్నీ తిరుగుతున్న ఆ సారే మంచం సంగతి చెప్పింది.

"సార్, మీరు చెప్పినట్టే మా ఇంట్లో మంచం జరిపినా. మా ఆడమనిషికి శానా నాళ్ళుగా బాగలేదు."

హరికృష్ణ చెడ్డవాడు కాదు. టీ గ్లాసు పక్కన పెట్టాడు. "యాడికి జరిపినావప్పా?"

"వెనకగదిలోకి."

"ఆడ కిటికీ ఉందా?"

"లేదు సార్."

"ఓరి నీ పాసుగూల! ఆయాసం మనిషిని గాలాడని గదిలో పండుకోబెడతారా? నేను చెప్పింది ఈ ఇంటి లెక్క. నీ ఇంటికి నేను రాలేదు, చూడలేదు. పోయి మళ్ళా ఎప్పటిమాదిరే పెట్టు."

ప్రభాకర్ తన టీ గ్లాసు కింద పెట్టేశాడు. అప్పుడు గుర్తొచ్చింది సాజియాకు చెప్పలేదని. కిటికీ దగ్గర హెలెన్ లేదు, తలుపుకేమో గొళ్ళెం ఉంది. సాజియాకు ఫోను చేద్దామంటే నంబరు లేదు, ఎప్పుడూ అవసరపడలేదు. వెంటనే పోదామంటే మాలు కలిపేశారు. కలిపిన సిమెంటు మాలు గట్టిపడిపోతుంది, దాన్ని వదిలేసి పోయిన బేల్దారిని మళ్ళీ ఎవరూ పనికి పిలవరు. కొంచెమే కదా, అయిపోగొట్టి పోదామనుకున్నాడు. పొద్దున్నుంచీ పడుకునే ఉంటుంది కదా, ఏమవుతుందనుకున్నాడు. ఇటుక మీద ఇటుక గబగబా పెట్టాడు. జీవితంలో మొదటిసారి అతని వరస వంకరపోయింది. అయినా సరిచేయలేదు.

ఎండ ఇంకా తగ్గకముందే సందులోకి వచ్చాడు. చేతులకు సిమెంటు అట్లాగే ఉంది. సాజియా గడపలో నిలబడి జాకెట్టుకు హుక్కులు కుడుతోంది.

"ఆస్పత్రికి పోతే ఒక మాట చెప్పి పోగూడదా అన్నా? అక్క యాడ? ఆన్నే పెట్టుకున్నారా?"

అతను నేరుగా తలుపు దగ్గరికి పోయాడు.

"మంచం గూడా లేదని భయమైపాయె. శానాసేపు పిల్చినా, ఎవురూ పలకలా, ఆస్పత్రికే ఎత్తకపోయినారనుకున్యా."

గొళ్ళెం తీశాడు. వెనకగదిలో మంచం ఖాళీగా ఉంది. హెలెన్ రెండు గదుల మధ్య గడప మీద, ద్వారబంధానికి చెంప ఆనించి, అలసిపోయి ఆగినట్టు కూర్చుని ఉంది. భుజం పట్టుకుంటే చల్లగా తగిలింది. సాజియా పిలుపు విని లేచింది. ఇంత దూరం వచ్చింది. అది అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. వెనక సాజియా "యా అల్లా" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ప్రభాకర్‌కు ఏడుపు రాలేదు. తనమీద తనకే అసహ్యం పుట్టింది. హెలెన్ పక్కన ఆ గడప మీదే కూలబడ్డాడు.

ముందుగది కిటికీ గట్టు మీద, అక్క వచ్చినాక తింటుందని సాజియా ఊచల్లోంచి పెట్టిపోయిన సేమియా గిన్నె, మూత తీయకుండా అట్లాగే ఉంది.