తిరువూరు లైను

ప్రభుదాసు తడిగుడ్డ పిండి పక్కన పెట్టి, ఇంటర్నెట్ ఫోను మీటల సందుల్లో ఇరుక్కున్న దుమ్మును అగ్గిపుల్లతో తీస్తున్నాడు. విత్తనాల కంపెనీ తిరువూరు బ్రాంచిలో ఏటా ఆయుధపూజకు ముందు ఈ పని అతనిదే. తుడవడం అతని వంతు, బొట్లు పెట్టడం మేనేజరు వెంకటాద్రిగారి వంతు. చర్చికి వెళ్ళే మనిషి చేత బొట్లు పెట్టించడం ఆయనకు మొహమాటం. కొబ్బరిముక్క మాత్రం మొదట ప్రభుదాసు చేతిలోనే పెడతారు.

మనిషి పొడుగు, సన్నం, కాస్త ముందుకు వంగి ఉంటాడు. ఏళ్ళ తరబడి కౌంటరు మీదికి వంగి ఫోను ఎత్తితే ఎవరి నడుమైనా అలాగే అవుతుంది. అతని గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. తలుపులు తీస్తాడు, బీరువాలు తుడుస్తాడు, రైతులకు మంచినీళ్ళిస్తాడు. పొద్దున్నే బెజవాడ ఆఫీసుకు ఫోను చేసి, "లైను బాగుందండి" అని చెప్పి పెట్టేస్తాడు. అవతల వినేది ఆపరేటరు రమాసుందరిగారు. ఇన్నేళ్ళలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇవాళ ఆవిడకు ఆఖరి రోజు. రిటైరవుతున్నారు. ఆ కుర్చీలోకి మరొకరు రారు. బ్రాంచి ఫోన్లను లోపలుండి నడిపే పాత ఫర్మ్‌వేర్ తీసి కొత్తది ఎక్కిస్తున్నారు. మధ్యాహ్నం నుంచి బెజవాడలో ఫోనెత్తేది రికార్డు చేసిన గొంతే.

పొద్దున బయల్దేరుతుంటే భార్య చిట్టెమ్మ గుమ్మంలోనే నిలేసింది.

"ఇవాళన్నా ఆవిడకి చెప్తావా, మళ్ళీ లైను బాగుందని పెట్టేసి వస్తావా?"

చాలాకాలం కిందట చిట్టెమ్మకు బెజవాడ ఆసుపత్రిలో ఆపరేషనైంది. ప్రభుదాసుకు సెలవు దొరకలేదు. ఆసుపత్రికి ఫోను కలపమని రమాసుందరిగారిని ఒక్కసారి అడిగాడు, అంతే. మర్నాటి నుంచి ఆవిడే చెప్పేవారు, "రాత్రి చారన్నం తిన్నారండి, జ్వరం లేదు" అని. ఫోనులో కనుక్కుంటున్నారేమో అనుకున్నాడు. చిట్టెమ్మ ఇంటికొచ్చాక అసలు సంగతి తెలిసింది. ఆవిడ రోజూ సాయంత్రం క్యారేజీ పట్టుకుని వార్డుకొచ్చి, దగ్గర కూర్చుని తినిపించి వెళ్ళేవారట. ఆ మేలుకు నోరారా ఓ మాట చెప్పాలని ప్రతి ఉదయం అనుకుంటాడు. ఫోనెత్తగానే నోట్లోంచి వచ్చేది లైను సంగతే.

ఇవాళా అంతే అయింది. వెనకే మేనేజరుగారు హారతి పళ్ళెంతో నిలబడ్డారు.

"లైను బాగుందండి."

"ఒంటిగంట దాకా ఉంటానండి," అన్నారావిడ.

తర్వాత బెజవాడ నుంచి ఇంజనీరు పవనకుమార్ ఫోను చేసి పని మొదలుపెట్టించాడు. "ఫోను తెర మీద గీత నిండేదాకా కరెంటు తియ్యకండి. ఒకవేళ ఆగిపోతే, కింది మీట నొక్కిపట్టి వైరు పీకి పెట్టండి," అన్నాడు.

గీత సగానికొచ్చేసరికి పూజ ముగిసింది. ఫోనుకు బొట్టు, బంతిపువ్వు.

"మిషన్లకీ ఓ పూట రెస్టివ్వాలి. కట్టేయ్ ప్రభుదాసూ!" అన్నారు వెంకటాద్రిగారు ఏటా అనేట్టే.

ప్రభుదాసు ఏటా కట్టేసినట్టే మెయిన్ కట్టేశాడు.

మేనేజరుగారి స్కూటరు నెమలి ఊరి దారి పట్టాక గానీ చేసిన పని తెలిసిరాలేదు. ఆఫీసుకున్న ఒక్క సెల్‌ఫోనూ ఆయన జేబులో వెళ్ళిపోయింది. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తాడు. షట్టరు దించి ఉంది. పక్కదానికీ తాళమే. ఊళ్ళో మిషన్లన్నీ బొట్లు పెట్టించుకుని హాయిగా విశ్రాంతి తీసుకుంటుంటే ప్రభుదాసుకు మాత్రం ఊపిరాడలేదు.

వెనక్కొచ్చి మెయిన్ వేశాడు. ఎర్రదీపం తప్ప ఫోనులో ఉలుకూ పలుకూ లేదు. మీట నొక్కిపట్టి వైరు పెట్టాడు. ఏమీ కాలేదు.

"ప్రభువా, నా తప్పే. ఆ గీత ఒక్కటి నింపు తండ్రీ," అని మళ్ళీ పెట్టాడు.

తెర వెలిగింది. గీత మొదటినుంచీ పాకసాగింది. గడియారం వైపు చూడాలంటే భయమేసి, దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. గీత నిండి, ఫోను ఆరిపోయి, మళ్ళీ వెలగగానే బెజవాడ మీట నొక్కాడు.

"తిరువూరా? బ్యాగు సర్దుకుంటున్నానండి. లైనెలా ఉంది?"

"లైను సంగతి కాదండి. మా చిట్టెమ్మకి మీరు అన్నం పెట్టారు. మేం మర్చిపోలేదండి. ఇంట్లో ప్రార్థన చేసినప్పుడల్లా మీ పేరు తలుచుకుంటాం. మీతో చెప్పడానికే... నోరు రాలేదు."



"అంతకు ముందు నెలలోనే మా అమ్మ పోయిందండి ప్రభుదాసుగారూ. ఆవిడ కోసం రోజూ క్యారేజీ కట్టిన చేతులు ఊరుకునేవి కావు. కట్టేసి, ఎవరికి పెట్టాలో తెలీక కూర్చునేదాన్ని. అప్పుడే మీరు ఆసుపత్రికి కలపమన్నారు. మీ ఆవిడ ఆ నాలుగు ముద్దలూ తినకపోతే నేనేమైపోయేదాన్నో!"

ప్రభుదాసు దాచుకోకుండా ఏడ్చాడు. కడుపు నిండిన ఏడుపు.

"పండగపూట ఏడవకండి. చిట్టెమ్మగారిని అడిగానని చెప్పండి. ఉంటానండి మరి."

"మంచిదండి. వందనాలు."

తాళం వేసే ముందు ఆ మీటే మరోసారి నొక్కాడు. ఎవరో అమ్మాయి గొంతు, తమ కంపెనీకి స్వాగతమని, ఒకటి నొక్కమని చెప్పింది. మధ్యలో పెట్టేస్తే బాగుండదని చివరిదాకా విని పెట్టేశాడు. మీట పక్కన ప్లాస్టిక్ కింద అతను ఎప్పుడో నీలం సిరాతో రాసి దూర్చిన కాగితం ముక్క అలాగే ఉంది: రమగారు.